ఎఱ్ఱదీపము – నిదానము

పూర్వము మన సీమలో బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టుట ఒక నియమము. ఆ కందెనకు కావలసిన ఆముదమును కొలిచి యిచ్చునది ఇల్లాలే. పాలమూరు మెట్టచేలలో ఆముదపు పంట చిరకాలముగా ఉన్నదే కనుక వెదకికొనవలసిన పని లేదు. కందెన ఆరిన బండి కీచుమని మొఱపెట్టును; ఆ మొఱ వాకిట నున్నవారికెల్ల వినబడును.

కాలము మాఱినది. 1932వ సంవత్సరమున నైజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిన నాడు మోటారు ఒక వింత. నేడు జీపో, ట్రాక్టరో, ఆటోయో లేని వీధి లేదు. అయినను కందెన అవసరము తీఱలేదు. ఆముదమునకు ఇంజనుతో చుట్టఱికము లేదని తలపవలదు. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున విమానముల రోటరీ ఇంజన్లలో ఆముదమునే పోసిరి. కాస్ట్రాల్ అను ఇంజను చమురునకు 1909లో పెట్టిన పేరు సైతము ఆముదమునకు గల ఇంగ్లీషు పేరు నుండి పుట్టినదే. మాఱినది ఒక్కటే: చమురు తక్కువైనప్పుడు ఇంజను బండివలె ముందుగా మొఱపెట్టదు. తోలువాని యెదుటి పలకపై నూనెబుడ్డి బొమ్మ గల చిన్న ఎఱ్ఱదీపమును వెలిగించి యూరకుండును. ఆ దీపము వెలిగిన వేళ ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ఇల్లాండ్రు తెలిసికొనుట మేలని, మా యింట జరిగిన సంగతిని సోదరీమణుల యెదుట పెట్టుచున్నాము.

ఖిల్లా ఘణపురములో మా బావగారి యింట ఒక పాత డీజిలు జీపు కలదు. దాని మీటరు 3 లక్షల 10 వేల కిలోమీటర్లు దాటినది. పంటను మార్కెట్టునకు చేర్చుటకు, అత్తగారిని వనపర్తి వైద్యునకు చూపుటకు, పిల్లలను పరీక్షలకు దింపుటకు అదియే ఆధారము. గడచిన వైశాఖమున, ఎండలు మిక్కుటముగా నున్న దినములలో, ఆ జీపు చాల దూరము నడచి ఎక్కడనైన ఆగినప్పుడు ఎఱ్ఱదీపము మినుకుమినుకుమన సాగెను. వేగము పెంచినచో ఆఱిపోవును. మరల నిలిచినచో మినుకును. ఒక మెకానిక్కును పిలిపింపగా అతడు ఒక చూపు చూచి, “సారూ, ఇంజను బోరుకొచ్చింది. బేరింగులు పోయినయి. మొత్తం విప్పాలె. ఎంత లేదన్నా 60, 70 వేలైతది” అని చెప్పి పోయెను.

ఆ రాత్రి మా తోడికోడలు బీరువా తెఱచి గాజులు తీసి కొంగున ముడివేసికొనెను. “చెల్లే, రేపు బ్యాంకుల కుదువ పెట్టి తెస్త. బండి లేకుంటె అత్తమ్మ మందులకు ఎట్ల పోవుడు?” అనెను. ఆ గాజులు ఆమెకు పుట్టినింటివారు పెట్టినవి.

మేము అడిగినది ఒక్కటే. “అక్కా, ఒత్తిడి తక్కువైనదని ఎవరు కొలిచినారు?”

ఎవరును కొలువలేదు. దీపము చెప్పినదానిని మెకానిక్కు నమ్మెను. అతడు చెప్పినదానిని బావగారు నమ్మిరి. వారు చెప్పినదానిని విని అక్క గాజులు తీసెను. వైద్యశాస్త్రమున చికిత్సకు ముందు రోగకారణమును నిర్ణయింపవలెనని విధి. ఆ నిర్ణయమునకే నిదానమని పేరు. మాధవకరుని గ్రంథము మాధవనిదానమనియే ప్రసిద్ధము. తెలుగున అదే మాటను తొందరపడకుండుటకు వాడుచున్నాము. రెండర్థములును ఇచట చక్కగా పొసగును. పొగను చూచి నిప్పును ఊహించుట తర్కమునకు సమ్మతమే. అయితే మంచును పొగ యని భ్రమించినచో ఆ ఊహ చెడును. కావున ముందుగా చూచినది పొగయో, మంచో తేల్చుకొనవలెను.

ఇంతకును చమురునకు ఒత్తిడి యేల? ఇంజనులో క్రాంక్ షాఫ్టు అను బలమైన ఇనుప కడ్డీ నిమిషమునకు వేలకొలది సారులు తిరుగును. దానిని మోయునవి బేరింగులు. ఆ రెంటి నడుమ సందు ఇంచుమించు తలవెండ్రుక మందము మాత్రమే. ఆ సందున చమురుపొర యుండుటచేత ఇనుము ఇనుమును తాకదు. షాఫ్టు చమురుపై తేలుచు తిరుగును. ఈ సంగతి తెలిసిన కథ విననగును. 1883లో ఇంగ్లండున బోషాం టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షించుచు ఒక బేరింగు పైభాగమున రంధ్రము తొలిచెను. యంత్రము తిరుగగా ఆ రంధ్రము నుండి చమురు పైకి పొంగెను. బిరడా పెట్టగా బిరడాను త్రోసివేసెను. కొయ్యమేకు బిగింపగా దానిని కూడ త్రోసివేసెను. అప్పుడతడు అచట ఒత్తిడిని కొలుచు గేజీని బిగించి చూడగా అది చదరపు అంగుళమునకు 200 పౌనులు దాటినది. ఆ కొలతను ఆధారముగా గొని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు చమురుపొర భారమును మోయు విధమును గణితముచేత నిరూపించెను. నాడు టవరు చేసిన పనియే నేడు మనమును చేయవలసినది: గేజీ బిగించి చూచుట.

బేరింగు సందున చమురుపొర నిలువవలెనన్న అచటికి ఎడతెగక చమురు వచ్చుచుండవలెను. అది వచ్చు విధమును మా యూరి గణపసముద్రమును తలచుకొన్నచో సులభముగా గ్రహింపవచ్చును. ఇంజను అడుగున చమురు నిలుచు పళ్లెరమును మెకానిక్కులు చాంబరు అందురు; అది చెఱువు. చాంబరులోని జల్లెడ, పంపు కలిసి తూము. చమురు పాఱు దారులు కాలువలు. బేరింగులు ఆయకట్టు పొలములు. ఒత్తిడి మితిమీఱినప్పుడు తెఱచికొని మిగులు చమురును మరల చాంబరులోనికి వదలు రిలీఫ్ వాల్వు అలుగు వంటిది. చివరి పొలమునకు నీరు అందలేదన్న కారణములు పెక్కు. చెఱువు తగ్గి యుండవచ్చును. తూమునకు చెత్త అడ్డుపడి యుండవచ్చును. అలుగు తెగి యుండవచ్చును. కాలువ గట్లు గండ్లు పడి యుండవచ్చును. అన్నియు బాగుండి, వార్త తెచ్చినవాడే తప్పు చెప్పి యుండవచ్చును. ఇన్ని యుండగా చెఱువుకట్టనే త్రవ్వుదమనువాని మాట వినదగునా?

కావున పరీక్షకు ఒక క్రమము కావలెను. వ్యయము లేనిది మొదట, ఎక్కువ వ్యయమైనది చివర. బావగారింట మేము నడచిన క్రమమునే ఇచట వ్రాయుచున్నాము. అది ముగియు వఱకు జీపును కదల్పవలదని మా వారు ముందుగానే కట్టడి చేసిరి.

మొదటిది చమురు మట్టము. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి కొంతసేపు తాళి, డిప్‌స్టిక్కు అను కొలతకడ్డీని తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. దానిపై రెండు గీతలుండును. చమురు వాని నడుమ ఉండవలెను. క్రింది గీతకు తగ్గినచో చమురు పోయవలెను, ఎచట కాఱుచున్నదో వెదకవలెను. మా జీపున చమురు పైగీతను దాటి ఒక వ్రేలు మందము ఎక్కువగా నుండెను. బావగారు సంతసించిరి. “ముసలి ఇంజనైనా చుక్క నూనె తాగదు. ఇంకా పెరిగినట్టే ఉంటది” అనిరి. పోయనిది పెరుగుట యెట్లు? ఆ మాట మా మనసున ముల్లువలె గ్రుచ్చుకొనెను.

రెండవది చమురు గుణము. కడ్డీ చివరి చుక్కను వ్రేళ్ల నడుమ రాచి చూడవలెను, వాసన చూడవలెను. పాలు కలిసినట్లు తెల్లబడియున్నచో రేడియేటరు నీరు కలిసినదని అర్థము. జిగి లేక నీళ్లవలె జాఱినచో పలుచబడినది. అక్క కడ్డీని ముక్కునొద్ద పెట్టుకొని, “ఇది మంచి నూనె కాదు చెల్లే, కిరసనాయిలు కలిసిన వాసన” అనెను. వంటింటి నూనెలలో కల్తీని పసిగట్టుటకు అలవడిన ముక్కు అది. పిల్లల అద్దుడు కాగితముపై ఈ చమురు చుక్కను, కొత్త డబ్బాలోని చుక్కను ప్రక్కప్రక్కన వేసితిమి. కొంతసేపటికి కొత్తది ఒకే మచ్చగా నిలిచినది. పాతదాని చుట్టును లేతరంగు వలయము దూరముగా ప్రాకినది. చమురున డీజిలు కలిసినదనుట కిది గుర్తు.

మూడవది గేజీ పరీక్ష. దీపమును వెలిగించునది ఇంజనునకు బిగించిన చిన్న స్విచ్చి. ఒత్తిడి సాధారణముగా 4 మొదలు 7 పౌనులకు లోబడినప్పుడు అది దీపమును వెలిగించును. పాతబడి అది చెడుటయు, తీగ రాపిడి తినుటయు కద్దు; అప్పుడు ఒత్తిడి చక్కగా నున్నను దీపము వెలుగును. అందుచే స్విచ్చిని విప్పి, ఆ తావున గొట్టముతో కూడిన గేజీని బిగించి చూచినగాని నిజము తెలియదు. మా మెకానిక్కు మరునాడు వనపర్తిలోని ఒక ట్రాక్టరు షెడ్డు నుండి గేజీ యెరువు తెచ్చెను. ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట రెండు కొలతలు తీయవలెను: నిలుకడగా తిరుగునప్పుడు ఒకటి, నిమిషమునకు 2000 చుట్లు తిరుగునప్పుడు ఒకటి. వెయ్యి చుట్లకు 10 పౌనులు ఉండవలెనని మెకానిక్కుల మోటు లెక్క. సరియైన లెక్క ఆ బండి పుస్తకమున ఉండును. మా గేజీ నిలుకడలో 6, రెండువేల చుట్లలో 19 చూపెను. అనగా దీపము అబద్ధమాడలేదు. ఒత్తిడి నిజముగానే తక్కువ. పొగయే, మంచు కాదు. ఇక నిప్పు ఎచటనో తేలవలెను.

డీజిలు చమురులోనికి ఎట్లు చేరినదని వెదకగా, ట్యాంకు నుండి డీజిలును తోడిపెట్టు ఫీడు పంపు లోపలి రబ్బరుపొర చిరిగి, ప్రతి త్రిప్పునకు కొన్ని చుక్కలను చాంబరులోనికి విడుచుచుండెను. బావగారు మెచ్చుకొన్న పెరుగుదల అదియే. పలుచబడిన చమురు సందులగుండ త్వరగా జాఱిపోవును. వేడెక్కినచో మఱింత పలుచనగును. అందుకే ఎండవేళ, దూరము నడచి నిలిచినప్పుడే దీపము మినుకుచు వచ్చినది.

ఫీడు పంపును మార్చి, పాత చమురును పూర్తిగా దింపి, కొత్త ఫిల్టరు పెట్టి, బండి పుస్తకము చెప్పిన తరగతి చమురునే పోయించిరి. మరల గేజీ బిగింపగా వేడిమీద నిలుకడలో 13, రెండువేల చుట్లలో 34. అయిన వ్యయము మొదట చెప్పిన సొమ్ములో పదవవంతు కూడ లేదు. అక్క కొంగుముడి విప్పి గాజులు తొడిగికొనెను. మెకానిక్కు దాచుకొనక, “నేను గేజీ పెట్టకనే చెప్పిన సారూ, తప్పు నాది” అనెను. అతడు చెడ్డవాడు కాడు. పదిమంది యిండ్ల జీపులలో బేరింగులు పోవుట చూచి, పదునొకండవదియు అదే యనుకొనెను. అతని ఊహలో కొంత నిజమును లేకపోలేదు; 3 లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజనులో బేరింగులు అరుగకుండునా?

ఇంతటితో తీఱని బండ్లవారు తక్కిన మెట్లను కూడ ఎఱుగవలెను. నాలుగవది జల్లెడ. చాల కాలము చమురు మార్పని ఇంజనులో మడ్డి పేరుకొని జల్లెడను మూయును. బయలుదేరునప్పుడు ఒత్తిడి బాగుండి, నడచినకొలది పడిపోయి, కొంతసేపు ఆపగా మరల సరియైనచో ముందుగా దీనిని అనుమానింపవలెను. అయిదవది రిలీఫ్ వాల్వు. చెత్త పడి అది తెఱచియే నిలిచినచో ఎంత వేగమునను ఒత్తిడి లేవదు. ఆఱవది పంపు; దాని పండ్లు అరిగినచో నిలుకడలోను వేడిలోను ఒత్తిడి తగ్గును. ఏడవది, చివరిది, బేరింగులు. ఇవి అరిగినచో వచ్చు నష్టము లెక్కకు మించినది: సందు రెండింతలైనచో దానిగుండ జాఱు చమురు రెండింతలు కాదు, ఎనిమిదింతలు. గండి వెడల్పైన కాలువలో చివరి పొలము ఎండుట సహజమే కదా. ఇంజను క్రిందిభాగమున బరువైన డబడబ ధ్వని వినబడుట దీని గుర్తు. అప్పుడైనను ఇంజనునంతను విప్పనక్కఱలేదు. చాంబరును దింపి, ఒక్క బేరింగు మూతను తీసి చూడవచ్చును. పైపూత పోయి రాగిరంగు బయటపడినచో సందేహము తీఱినట్లే. అప్పుడు గాజులు కుదువ పెట్టినను ఆ సొమ్ము వృథా కాదు.

కొందఱు చెప్పు రెండు చిట్కాలను గూర్చి ఒక మాట. దళసరి చమురు పోసినచో దీపము ఆఱునందురు. ఆఱును, కారణము మాత్రము లోపల నట్లే యుండును. పైగా ఉదయము చల్లని ఇంజనులో దళసరి చమురు బేరింగులను చేరుట ఆలస్యమై అరుగుదల హెచ్చును. మఱికొందఱు దీపపు తీగనే పీకివేయుదురు. జ్వరము తగ్గింపలేక జ్వరము చూచు గొట్టమును పగులగొట్టినట్లున్నది ఆ వైద్యము.

నిదానమన్న మాటను తప్పుగా గ్రహింపరాదని మఱియొక సంగతి చెప్పుచున్నాము. మా బంధువుల యింట ఒక ట్రాక్టరు చేనిలో దున్నుచుండగా ఎఱ్ఱదీపము మినుకుట మాని నిలిచి వెలిగెను. తోలువాడు, “ఈ రెండు సాళ్లయినంక చూద్దాం” అనుకొనెను. రెండవ సాలు ముగియలేదు. చమురు గొట్టమొకటి పగిలి చమురంతయు మట్టిపాలైనది. బేరింగులు కరగి షాఫ్టునకు అతుకుకొని ఇంజను బిగిసిపోయెను. మూడువందల రూపాయల గొట్టముతో పోవలసినది ఒక కారు పంట సొమ్మును మ్రింగినది. మా యింట తొందరపాటుచే గాజులు పోవలసి వచ్చినది. వారింట ఆలస్యముచే పంట పోయినది. నిదానము కావలసినది ఇంజను విప్పుటలో. ఇంజను ఆపుటలో కాదు.

కావున ఇల్లాండ్రు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొందురు గాక. తాళపుచెవి త్రిప్పగానే ఎఱ్ఱదీపము వెలుగవలెను. ఇంజను అందుకొన్న క్షణములలో ఆఱవలెను. మొదట వెలుగనిచో దీపమే చెడినది, దానిని వెంటనే బాగు చేయింపవలెను. నడచుచుండగా నిలిచి వెలిగినచో దారి ప్రక్కకు తీసి ఇంజనును తక్షణమే ఆపవలెను. ఊరు దగ్గఱనే యున్నదని నడుపరాదు. మట్టము చూడక, గేజీ పెట్టక ఇంజను విప్పుటకు ఒప్పుకొనరాదు. చమురు తగ్గుటయే కాదు, పోయకుండ పెరుగుటయు దోషమే.

అక్క ఇప్పుడు ప్రతి ఆదివారమును ఉదయమున, జీపు కదలకముందే, కొలతకడ్డీ తీసి చూచి పంచాంగపు క్యాలెండరు మీద ఆ దినపు గడిలో మట్టమును వ్రాయుచున్నది. ఆఱుమాసముల కొకసారి గేజీ పెట్టించి ఆ అంకెను కూడ వ్రాయవలెనని కట్టడి చేసినది. 13 అను నేటి అంకె ముందుముందు 11 అయి, 9 అయినచో అప్పుడు బేరింగుల వంతు వచ్చినదని ఆమెకే తెలియును. దానికి వలయు సొమ్మును కొంచెము కొంచెముగా ముందే కూడబెట్టుచున్నది. ఒకనాడు ఆముదము కొలిచి యిచ్చిన చేతులలోనికి బండి కందెన మరల వచ్చి చేరినది.